మూడు కోళ్లు, ఒక సూ: 1789లోనే ఎందుకు?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది: "పై రెండు ఎస్టేట్లు పన్నులు కట్టలేదు, మూడవ ఎస్టేటు భారమంతా మోసింది, అందువల్ల ఫ్రెంచి విప్లవం వచ్చింది అని పుస్తకంలో ఉంది. ఆ అసమానత వందల ఏళ్లుగా ఉన్నదే కదా, 1789లోనే ఎందుకు?" (ఎస్టేటు అంటే అప్పటి ఫ్రెంచి సమాజంలో ఒక వర్గం. మొదటిది మతాధికారులు, రెండవది ప్రభువులు, మిగిలిన జనమంతా మూడవది.) రెండవది: "ఫ్రాన్సుకన్నా హీనంగా బతికిన రైతులు తూర్పు ఐరోపాలో ఉండగా అక్కడ ఎందుకు రాలేదు?" మూడవది: "వచ్చాక అసమానత పోయిందా?" సివిల్స్‌కు చదువుతున్నానని, రెండు వందల మాటల్లో జవాబు రాయాలని కూడా అన్నారు. కుదించడం మీ పని, నేను తీరిగ్గా చెబుతాను. డిగ్రీ కళాశాలలో ముప్ఫై ఏళ్లు ఈ పాఠం చెప్పి విరమణ చేసినవాణ్ణి. మొదటి నాలుగైదేళ్లు నేనూ ఆ పుస్తకం వాక్యాన్నే నల్లబల్ల మీద రాసి కింద గీత గీశాను. ఒకరోజు వెనక బెంచీ కుర్రవాడు "మరి వందేళ్ల ముందే ఎందుకు రాలేదండీ?" అని అడిగాడు. సమయానికి గంట కొట్టి నన్ను కాపాడింది.

ముందు ఒక మనిషిని పరిచయం చేస్తాను. 1789 జులై 12న ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ నిపుణుడు ఈశాన్య ఫ్రాన్సులో ప్రయాణిస్తున్నాడు. దారి ఎత్తుగా ఉండడంతో గుర్రం దిగి నడుస్తుంటే పక్కన ఒక పేదరాలు కలిసింది. రోజులు బాగాలేవని వాపోయింది. ఎందుకమ్మా అంటే లెక్క చెప్పింది. భర్తకు చారెడు నేల, ఒక ఆవు, ఒక బక్క గుర్రం. ఏడుగురు పిల్లలు, వాళ్ల సూపులోకి ఆ ఆవు పాలే ఆసరా. ఆ చారెడు నేల మీద ఒక ప్రభువుకు ఏటా సుమారు 19 కిలోల గోధుమ, మూడు కోళ్లు ఇవ్వాలి. ఇంకొక ప్రభువుకు నాలుగు కొలతల ఓట్స్ ధాన్యం, ఒక కోడి, ఒక సూ ఇవ్వాలి. (అప్పటి ఫ్రెంచి డబ్బు పేరు లివ్రు. సూ అంటే అందులో ఇరవయ్యో వంతు, చిల్లర డబ్బు.) ఇవి పోను రాజుగారి పన్నులు. గుర్రం బదులు ఇంకో ఆవును పెట్టుకోరాదా అని యంగ్ అడిగితే, గుర్రం లేకపోతే పండింది సంతకు చేరదని చెప్పింది. వంగిన నడుము, ముడతలు పడ్డ ముఖం చూసి ఆమెకు అరవయ్యో డెబ్బయ్యో ఉంటాయనుకున్నాడు యంగ్. ఆమె చెప్పిన వయసు ఇరవై ఎనిమిది.

ఆమె అన్న ఇంకొక మాట కూడా అతను రాసి పెట్టుకున్నాడు. పెద్దవాళ్లెవరో మాలాంటి పేదల కోసం ఏదో చేయబోతున్నారట, ఎవరో ఎలాగో తెలియదు, దేవుడు మంచి రోజులు ఇస్తే బాగుండు, పన్నులూ ప్రభువుల బకాయిలూ మమ్మల్ని నలిపేస్తున్నాయి అని దాని సారం. పన్నులు నలిపేస్తున్నాయన్న మాట ఆమె అమ్మమ్మ కూడా అని ఉంటుంది. "చేయబోతున్నారట" అన్నది మాత్రం అమ్మమ్మ అని ఉండదు. మీ మొదటి ప్రశ్నకు నా జవాబంతా ఆ చివరి 'ట'లో ఉంది. అది ఆమె చెవిదాకా ఎలా వచ్చిందో చెబితే 1789లోనే ఎందుకో తేలిపోతుంది.

అంతకన్నా ముందు పాఠ్యపుస్తకం వాక్యాన్ని కొంచెం సరిచేయాలి. పై రెండు ఎస్టేట్లు పన్నులు అసలు కట్టలేదనడం సగం నిజం. దేశ జనాభా సుమారు 2 కోట్ల 80 లక్షలు. అందులో మతాధికారులు, ప్రభువులు కలిసి నూటికి ఇద్దరు కూడా ఉండరు. చర్చి ఆస్తుల మీద పన్ను లేదు, అయిదేళ్లకొకసారి వాళ్లే సభ చేసుకుని రాజుకు "స్వచ్ఛంద కానుక" పేరుతో కొంత ఇచ్చేవారు. ఎంత ఇవ్వాలో ఇచ్చేవాడే నిర్ణయించుకునే పన్ను ఎంత హాయిగా ఉంటుందో మీకు వేరే చెప్పక్కరలేదు. ప్రభువులకు తాయ్ అనే ప్రధానమైన ప్రత్యక్ష పన్ను లేదు. తలపన్ను, ఇరవయ్యో వంతు పన్ను వాళ్లకూ వర్తించేవి. అయితే తన ఆదాయం ఎంతో ఒక పెద్ద ప్రభువు చెప్పుకుంటే అధికారి తల ఊపేవాడు, ఒక రైతు చెప్పుకుంటే నమ్మేవాడు కాడు.

అసలు చిక్కు ఎక్కడంటే, మినహాయింపులు పై రెండు ఎస్టేట్లతో ఆగలేదు. పారిస్ నగరానికి తాయ్ లేదు. ఇంకా అనేక పట్టణాలకు లేదు. డబ్బున్న వ్యాపారి ప్రభుత్వం దగ్గర ఒక పదవిని కొనుక్కుంటే కొన్నాళ్లకు ప్రభువైపోయేవాడు. పదవులను బాహాటంగా అమ్మేవారు, లంచంగా కాదు, చట్టబద్ధంగా. రాజుగారి కార్యదర్శి అనే ఉత్తుత్తి పదవికి జనం పెట్టిన ముద్దుపేరు "పామరుడి సబ్బు". ఒకసారి రుద్దుకుంటే సామాన్యుడన్న మురికి వదిలిపోతుందన్నమాట. ఇలా డబ్బు సంపాదించిన ప్రతివాడూ పన్ను కట్టేవాళ్ల వరుసలోంచి జారుకుంటుంటే ఆ వరుసలో చివరికి మిగిలేది ఎవరు? గుర్రం దిగిన యంగ్ పక్కన నడిచిన మనిషి.

ఉప్పు సంగతి చెప్పకుండా ఈ పాఠం చెప్పలేను. ఉప్పు మీద గాబెల్ అనే పన్ను ఉండేది. పారిస్ చుట్టూ ఉన్న విశాల ప్రాంతంలో ఉప్పు కొనడం తప్పనిసరి, ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషి పేరున ఏటా ఇంత అని ప్రభుత్వం గోదాములో కొనాల్సిందే. ఆ ఉప్పు కుండలోకి, కంచంలోకి మాత్రమే. పంది మాంసం ఊరవేసుకోవాలంటే మళ్లీ వేరే కొనాలి. పక్కనే బ్రిటనీ ప్రాంతానికి ఆ పన్ను లేదు. అక్కడి ధరకూ ఇక్కడి ధరకూ ఇరవై రెట్లకు పైగా తేడా. ఇంక దొంగ రవాణా జరగక ఏమవుతుంది? కుక్కలకు ఉప్పు మూటలు కట్టి సరిహద్దు దాటించేవారు. పట్టుబడితే మనుషులకు శిక్ష గాలీ ఓడల పేరుతో కఠిన కారాగారం. ఈ పన్ను వసూలును ప్రభుత్వం తాను చేయక గుత్తకిచ్చింది. గుత్తేదారుల కూటమి రాజుకు ముందుగా ఇంత అని కట్టి, ఆపైన ఎంత పిండుకుంటే అంత. రసాయన శాస్త్ర పితామహుడని మనం గౌరవించే లవోయిజియే ఆ గుత్తేదారుల్లో ఒకడు. 1794లో గిలటిన్ కింద అతని తల తెగిపడింది శాస్త్రవేత్తగా కాదు, ఉప్పు గుత్తేదారుగా.

వెట్టి కూడా ఉండేది. నేను దీనికి ఇంకో పదం వెతకను, మన గ్రామాలకు బాగా తెలిసిన పదం ఇదే. రాజుగారి రహదారులకు రైతులు ఊరికే పనిచేయాలి. 1776లో మంత్రి తుర్గో దాన్ని రద్దు చేస్తే అతణ్ణే పదవి నుంచి తొలగించి వెట్టిని మళ్లీ తెచ్చారు. రాజుకు చేసేది అయిపోయాక చర్చికి దశమభాగం (పేరుకు పదో వంతు, చాలాచోట్ల అంతకు తక్కువే), ఆ తర్వాత ప్రభువు వంతు. ఆయన మరలోనే పిండి ఆడించాలి, ఆయన పొయ్యిలోనే రొట్టె కాల్చాలి, రెంటికీ రుసుము కట్టాలి. ఆయన పావురాలు మీరు చల్లిన విత్తనాలు తింటాయి, మీరు వాటిని కొట్టకూడదు. ఆయన వేటకు వచ్చి పంట తొక్కితే నోరు మెదపకూడదు. చిన్న విషయాలుగా కనిపిస్తాయి. అయినా ఆ కాలం గ్రామాల్లో పావురాల మీద చాలా ఫిర్యాదులు వచ్చాయి.

ఇక్కడే మీ రెండవ ప్రశ్నకు జవాబు ఉంది. రష్యాలో, ప్రష్యా తూర్పు ప్రాంతాల్లో రైతు అర్ధబానిస. వారంలో చాలా రోజులు ప్రభువు పొలంలోనే చాకిరీ. ఫ్రెంచి రైతు చాలావరకు స్వతంత్రుడు. దేశంలోని సాగు నేలలో మూడో వంతుకు పైగా రైతుల చేతుల్లోనే ఉంది. కమతాలు చిన్నవైనా నేల వాళ్లది. అలాంటప్పుడు కోపం తక్కువ ఉండాలి కదా అంటారు. వ్యవహారం తిరగబడింది. పాత కాలంలో ప్రభువు ఊరికి రక్షకుడు, తీర్పరి, కరవు వస్తే ఆదుకునేవాడు, కనీసం అలా చెప్పుకునేవాడు. 18వ శతాబ్దం నాటికి పాలన రాజుగారి అధికారుల చేతికి పోయింది. ప్రభువుకు మిగిలింది కోళ్లు వసూలు చేసుకోవడం ఒక్కటే. నా నేల మీద నేను పండించుకుంటుంటే నాకు ఏమీ చేయని ఈయనకు మూడు కోళ్లు ఎందుకివ్వాలి అన్న ప్రశ్న నేల సొంతమైనవాడికే పుడుతుంది. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, 19వ శతాబ్దం నుంచి చరిత్రకారులు చెబుతున్నదే. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాక నాకు ఇంతకన్నా మంచి వివరణ దొరకలేదు.

పుండు మీద కారం చల్లినట్లు, సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే చాలామంది ప్రభువులు మరుగున పడిన హక్కులను తవ్వితీయడం మొదలుపెట్టారు. పాత దస్తావేజులు చదివి, ఏ కమతం మీద ఏ బకాయి ఎప్పుడు వదిలేశారో లెక్కకట్టే నిపుణులు ఉండేవారు. బాబెఫ్ అనే యువకుడు ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీలో ఆ పనే చేసేవాడు. ఆ కాగితాల మధ్య కూర్చుని ఆస్తి అన్నది ఎలా పుడుతుందో కళ్లారా చూసిన అతను తర్వాత భూమి అందరిదీ అన్న వాదానికి నాయకుడై 1797లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దస్తావేజులను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

ఒక ఎస్టేటు అంటే ఒకే రకం మనుషులన్న భ్రమ కూడా వదిలించుకోండి. 1786 తర్వాత కూడా చాలామంది గ్రామ ఫాదర్లకు ఏడాదికి కట్టిచ్చిన కనీస భృతి 700 లివ్రులు. స్ట్రాస్‌బర్గ్ బిషప్ ఆదాయం లక్షల్లో. ఇద్దరూ మొదటి ఎస్టేటే. బిషప్పులు దాదాపు అందరూ ప్రభువంశీకులు, గ్రామ ఫాదరు రైతు బిడ్డో చిన్న గుమాస్తా బిడ్డో. సైన్యంలోనూ ఇదే కథ. 1781లో ఒక ఉత్తర్వు వచ్చింది, నాలుగు తరాల ప్రభువంశం నిరూపించుకోలేని వాడికి నేరుగా అధికారి పదవి ఇవ్వరాదని. దాని దెబ్బ రైతుకు తగల్లేదు. రైతు కొడుకు అధికారి కావాలని కలగనలేదు. సబ్బు కొనుక్కుని కొత్తగా ప్రభువైన వాడికి, చదువుకున్న న్యాయవాది కొడుక్కు తగిలింది. నిచ్చెన రెండు మెట్లు ఎక్కాక పైమెట్టు తీసేస్తే వచ్చే కోపం వేరు.

ఇంతవరకు చెప్పింది ఎండుగడ్డి. ఇంక నిప్పు సంగతి. అది గుడిసెలో పుట్టలేదు, ఖజానాలో పుట్టింది.

1778 నుంచి 1783 దాకా ఫ్రాన్సు అమెరికా స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌తో యుద్ధం చేసింది. ఖర్చు వంద కోట్ల లివ్రులకు పైమాటే, దాదాపు అంతా అప్పు. అందులో కొంత మన తీరం పక్కనే ఖర్చయింది. బొబ్బిలి యుద్ధంతో తెలుగువారికి పేరు తెలిసిన బుస్సీని ముసలితనంలో మళ్లీ సైన్యంతో పంపారు. 1783లో కడలూరు దగ్గర ముట్టడిలో చిక్కాడు, సంధి కుదరడంతో బయటపడి 1785లో పుదుచ్చేరిలో చనిపోయాడు. అప్పు చేసి పప్పు కూడు సామెత వెర్సాయ్ రాజభవనంలోని కొలువు విందుల మీద వాడతారు గానీ లెక్కలు చూడండి. 1788 అంచనాల్లో వ్యయం సుమారు 63 కోట్ల లివ్రులు, రాబడి 50 కోట్లు. వ్యయంలో సగానికి సగం పాత అప్పుల మీద వడ్డీలు, చెల్లింపులు. రాణిగారి నగలతో సహా కొలువు ఖర్చంతా కలిపితే నూటికి ఆరు పాళ్లు. కొలువును పూర్తిగా మూసేసినా లోటు తీరదు. అప్పు విషయంలో బ్రిటన్ తక్కువేమీ తినలేదు. అక్కడ పార్లమెంటు పూచీ ఉంది కాబట్టి తక్కువ వడ్డీకి దొరికేది. ఫ్రాన్సు రాజుకు తన మాట తప్ప పూచీ లేదు.

గట్టెక్కే దారి ఒక్కటే, మినహాయింపులున్నవాళ్ల మీద పన్ను వేయాలి. ఆర్థిక మంత్రి కలోన్ ఆ పనికి పూనుకుని 1787 ఫిబ్రవరిలో 144 మంది ప్రముఖులను పిలిచి భూమి ఉన్న ప్రతివాడి మీదా పన్ను ప్రతిపాదించాడు. దాదాపు అందరూ పెద్ద భూస్వాములే. ముందు లెక్కలు చూపించమన్నారు. ఏప్రిల్ కల్లా కలోన్ పదవి పోయింది. తర్వాత వచ్చిన బ్రియెన్ అదే ప్రతిపాదనతో పారిస్ పార్లమాఁ దగ్గరికి వెళ్లాడు. ఇది పార్లమెంటు కాదు, పేరు చూసి పొరబడకండి, ప్రభువులైన న్యాయమూర్తుల ఉన్నత న్యాయస్థానం. కొత్త పన్నుకు ఒప్పుకునే అధికారం దేశ ప్రతినిధుల సభ అయిన ఎస్టేట్స్ జనరల్‌కే ఉందని అది తేల్చింది. ఆ సభ చివరిసారి కూర్చున్నది 1614లో. తమ మినహాయింపును కాపాడుకోవడానికి పెద్దలు తవ్వితీసిన ఆయుధం అది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత ఇంత చక్కగా అతికిన సందర్భం చరిత్రలో నాకు ఇంకొకటి తెలియదు.

1788 ఆగస్టు 8న రాజు లొంగిపోయి వచ్చే మే నెలకు సభ పిలిచాడు. ఆగస్టు 16న ఖజానా చెల్లింపులు ఆపేసింది. ఈ రెండు తేదీల మధ్య, ఆగస్టు 10న, టిప్పు సుల్తాన్ రాయబారులు వెర్సాయ్ కొలువులో లూయీ 16 ముందు నిలబడి ఇంగ్లీషువారి మీద సైనిక సాయం అడిగారు. కడప, గుత్తి ప్రాంతాలు అప్పటికి టిప్పు ఏలుబడిలోవే. మర్యాదలు ఘనంగా జరిగాయి. సైన్యం మాత్రం రాలేదు. ఆరు రోజుల్లో దివాలా ప్రకటించబోయే ఇంటికి అప్పు అడగడానికి వెళ్లినట్లయింది.

ఇప్పుడు ఆ 'ట' దగ్గరికి వస్తున్నాను. సభకు ప్రతినిధులను ఎన్నుకోమని, దాంతోపాటు ప్రతి ఊరూ తన కష్టాలను రాసి పంపమని 1789 జనవరిలో రాజు ఆజ్ఞ వెళ్లింది. పాతికేళ్లు నిండి పన్ను జాబితాలో పేరున్న మగవాళ్లంతా, చాలా ఊళ్లలో చర్చిలోనే, కూర్చున్నారు. అలా తయారైన ఫిర్యాదు పుస్తకాలు పదుల వేలు. చాలా ఊళ్లు రాజుగారి దయను పొగిడి మొదలుపెట్టి వెంటనే ఉప్పు, పావురాలు, మర రుసుము, దశమభాగం అని పేరుపేరునా దిగాయి. కొన్నిచోట్ల న్యాయవాదులు పంచిన నమూనాలు చూసి రాశారన్నది నిజమే. జిల్లా స్థాయిలో వాటిని కలిపి ఒకటిగా చేసినప్పుడు ప్రభువుల బకాయిల మీద ఫిర్యాదులు పలుచబడ్డాయన్నదీ నిజమే.

అయినా ఆ చర్చిలో జరిగిన పని ఊహించుకోండి. తన కష్టం తన ఇంటి దరిద్రమనుకున్న రైతు, పక్కవాడూ అదే చెప్పడం విన్నాడు. విధి అనుకున్నది ఫిర్యాదు అయింది, కాగితం మీదికి ఎక్కింది. పైగా అడిగింది ఎవరు? సాక్షాత్తు రాజు. రాజు అడిగాడంటే తీరుస్తాడనే లెక్క. కొన్ని ఊళ్లలో ఆ వసంతంలోనే రైతులు ఇంక రద్దయిపోయినట్లేనని బకాయిలు కట్టడం మానేశారు. అసమానత ఎన్నో శతాబ్దాలు మౌనంగా ఉంది. 1789 వసంతంలో దేశమంతా ఒకేసారి, ప్రభుత్వ ఆజ్ఞతో, దాని గురించి మాట్లాడింది. ఆ తర్వాత నోళ్లు మూయించడం ఎవరి తరం కాలేదు.

అప్పటికి సర్దుకునే అవకాశం ఇంకా ఉందనే నా అభిప్రాయం. దాన్ని పోగొట్టింది ఓట్ల లెక్క. 1614 పద్ధతిలో మూడు ఎస్టేట్లు విడివిడిగా కూర్చుంటాయి, ఒక్కోదానికి ఒక ఓటు. అంటే ప్రతిసారీ రెండుకు ఒకటి. 1788 సెప్టెంబరులో పారిస్ న్యాయస్థానం పాత పద్ధతే అనగానే, నిన్నటిదాకా దానికి జేజేలు కొట్టిన జనం ఛీ కొట్టారు. డిసెంబరులో రాజు మూడవ ఎస్టేటు ప్రతినిధులను రెట్టింపు చేశాడు, సుమారు 300, 300, 600. ఓట్లు తలల వారీగానా ఎస్టేటు వారీగానా అన్నది చెప్పలేదు. తలల వారీగా అయితే 600 ఎక్కువ, ఎస్టేటు వారీగా అయితే 600 ఉన్నా ఒక్కటే. ఇంత పెద్ద విషయంలో నోరు విప్పకపోవడాన్ని పుస్తకాలు రాజు బలహీనత అంటాయి. నేను తెలివితక్కువతనం అంటాను. సియేస్ అనే మతాచార్యుడు ఆ జనవరిలో అచ్చువేసిన కరపత్రంలో మూడవ ఎస్టేటే సర్వస్వం, ఇప్పటిదాకా దాని విలువ సున్న అని రాసింది ఈ లెక్క గురించే.

మే 5న సభ మొదలైంది. ఆరు వారాలు కూర్చునే పద్ధతి మీదే కీచులాట. మూడవ ఎస్టేటు ప్రతినిధుల్లో నాగలి పట్టిన రైతులు దాదాపు లేరు, ఎక్కువమంది న్యాయవాదులు, చిన్న అధికారులు, 1781 ఉత్తర్వు తగిలిన తరగతి. గోడ మొదట కూలింది మాత్రం మొదటి ఎస్టేటు వైపు నుంచి. జూన్ 13న ముగ్గురు గ్రామ ఫాదర్లు మూడవ ఎస్టేటులోకి వచ్చి కూర్చున్నారు. 700 లివ్రుల వాళ్లు బిషప్పును వదిలి వచ్చారన్నమాట. జూన్ 17న మూడవ ఎస్టేటు తనను జాతీయ సభగా ప్రకటించుకుంది. 20న హాలు తలుపులు మూసి ఉంటే, రాజ్యాంగం రాసేదాకా విడిపోమని టెన్నిస్ కోర్టులో ప్రమాణం. మీకు ఇది కంఠస్థమే, వదిలేస్తాను.

ఈ వాదనలు జరుగుతుండగా రొట్టె ధర తన దారిన తాను పెరిగింది. 1788 జులై 13న వడగళ్ల వాన పారిస్ చుట్టూ పంటను కొట్టేసింది, తర్వాత చలికాలం భయంకరం. నాలుగు పౌండ్ల (దాదాపు రెండు కిలోల) రొట్టె మామూలుగా 8, 9 సూలు, 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర. నైపుణ్యం లేని కూలీ రోజు సంపాదన 20 సూల దరిదాపు. ఇంట్లో నలుగురుంటే ఒక రొట్టె ఒక రోజుకూ చాలదు. బ్రిటన్‌తో 1786 వాణిజ్య ఒప్పందం తర్వాత చౌక బట్ట వచ్చిపడి మగ్గాల ఊళ్లలో పని కూడా లేదు. ఏప్రిల్ ఆఖరులో పారిస్‌లోని సెయింట్ ఆంత్వాన్ పేటలో గోడకాగితాల ఫ్యాక్టరీ యజమాని రెవెయాన్ కూలి తగ్గించాలన్నాడని పుకారు పుట్టి అతని ఇల్లు దోచేశారు, సైన్యం కాల్పుల్లో పదుల మంది చచ్చిపోయారు. అతను కూలీగా మొదలై పైకొచ్చినవాడు, మూడవ ఎస్టేటువాడే. ప్రాణం కాపాడుకోవడానికి ఎక్కడ దాక్కున్నాడో తెలుసా? బాస్టిల్ కోటలో.

జులై 14 గురించి రెండు ముక్కలే. ఆ రోజు ప్రజలు బాస్టిల్ మీదికి వెళ్లింది ఖైదీలను విడిపించడానికి కాదు, తుపాకి మందు కోసం. ఖైదీలు ఏడుగురే. ఆ రోజు రాజు దినచర్యలో "ఏమీ లేదు" అని రాసుకున్నాడని నవ్వుతారు, అది వేటలో ఏమీ దొరకలేదన్న లెక్క. రొట్టె లేకపోతే కేకు తినమన్న మాట కూడా రాణి మేరీ ఆంత్వానెత్ అన్నది కాదు. ఆమె చిన్నపిల్లగా ఆస్ట్రియాలో ఉన్న కాలంలోనే తత్వవేత్త రూసో ఎవరో యువరాణి పేరున అలాంటి మాట రాశాడు. జవాబు పత్రంలో ఈ కేకు కనిపిస్తే నేను మార్కు తీసేసేవాణ్ణి.

నా దృష్టిలో బాస్టిల్‌కన్నా పెద్ద సంఘటన ఆ తర్వాత మూడు వారాల్లో గ్రామాల్లో జరిగింది. ప్రభువులు దోపిడీ ముఠాలను పంపుతున్నారన్న పుకారుతో రైతులు ఆయుధాలు పట్టారు. ముఠాలు రాలేదు. ఆయుధాలు పట్టినవాళ్లు చాలా ప్రాంతాల్లో నేరుగా ప్రభువు భవనానికి వెళ్లారు. వెండి పాత్రల జోలికి పోనివాళ్లు కూడా దస్తావేజులు ఎక్కడని అడిగారు. బాబెఫ్ వంటివాళ్లు దుమ్ము దులిపి బయటపెట్టిన ఆ కాగితాలను పోగేసి తగలబెట్టారు. ఎక్కడ తాకాలో రైతులకు బాగా తెలుసు.

ఆ మంటల వెలుగు చూసి భయపడే ఆగస్టు 4 రాత్రి సభలో ప్రభువులు ఒకరి తర్వాత ఒకరు లేచి హక్కులు వదులుకున్నారు. మొదట లేచిన నొవాయ్ అనే ప్రభువు చిన్నకొడుకు, వదులుకోవడానికి అతని దగ్గర పెద్దగా ఏమీ లేదన్నది వేరే సంగతి. ఫ్యూడల్ వ్యవస్థను సంపూర్ణంగా నాశనం చేస్తున్నామని చట్టం రాశారు. దాని కింద చిన్న అక్షరాలు చదవాలి.

ఇక మీ మూడవ ప్రశ్న, అసమానత పోయిందా అన్నది. ఆ కొండదారి మనిషి లెక్కలోనే చూద్దాం. ఆమె కథ తర్వాత ఏమైందో ఎవరూ రాయలేదు, చట్టాలు ఆమె ఇంటికి ఏం చేసి ఉండాలో మాత్రం చెప్పగలను. ఉప్పు పన్ను 1790లో పోయింది, నెపోలియన్ 1806లో మళ్లీ తెచ్చాడు. దశమభాగం రద్దయింది, కౌలు భూమి అయితే యజమాని ఆ మేరకు కౌలు పెంచుకునే వీలిచ్చారు. వెట్టి, మనిషి మీద ఉన్న హక్కులు పరిహారం లేకుండా రద్దు. నేల మీద ఉన్న బకాయిలను మాత్రం డబ్బిచ్చి విడిపించుకోవాలన్నారు. నగదు బకాయి అయితే 20 ఏళ్ల మొత్తం, సరుకు రూపంలో ఉన్నదయితే 25 ఏళ్ల మొత్తం. మూడు కోళ్లు వదిలించుకోవాలంటే 75 కోళ్ల ఖరీదు చెల్లించాలి, గోధుమ సంగతి వేరే. రైతులు చెల్లించలేదు, వాయిదా బకాయిలూ కట్టలేదు, ఏళ్ల తరబడి మొండికేశారు. చివరికి 1793 జులై 17న పైసా పరిహారం లేకుండా అన్నీ రద్దు చేసి, మిగిలిన దస్తావేజులను కూడా తగలబెట్టమన్నారు.

పట్టణ కూలీకి దక్కింది ఇంకా తక్కువ. 1789 డిసెంబరులోనే మూడు రోజుల కూలికి సమానమైన ప్రత్యక్ష పన్ను కట్టగలిగిన మగవాడికే ఓటన్నారు. 1791 జూన్‌లో కూలీలు సంఘంగా కూడి కూలి పెంచమనడాన్ని నేరం చేశారు. రెవెయాన్‌కు ఆ చట్టం నచ్చే ఉంటుంది. కరీబియన్‌లోని ఫ్రెంచి తోటల్లో బానిసలు 1791 ఆగస్టులో తిరగబడితే గానీ వాళ్లకు 1794 విమోచన చట్టం రాలేదు, దాన్నీ నెపోలియన్ 1802లో వెనక్కి తీసుకున్నాడు.

పరీక్షలో మీరు మూడు ముక్కలు పట్టుకుంటే చాలు. మినహాయింపుల వల్ల దివాలా, దివాలా వల్ల సభ, సభకు ముందు జనం నోరు విప్పడం. రొట్టె ధరను ఆ మూడింటికి తోడుగా పెట్టండి, వాటి స్థానంలో పెట్టకండి. "జ్ఞానోదయ తత్వవేత్తల ప్రభావం" అని ఒక పేరా రాసి తీరాలంటారు, రాయండి, ఒక్క పేరాతో ఆపండి.

కోళ్ల సంగతి తేలింది. ఆమెకు ఓటు హక్కు సంగతి రాయలేదని ఎవరైనా అడుగుతారేమో. భర్త ఆ మూడు రోజుల కూలి పన్ను కట్టగలిగితే అతనికి 1790 నుంచే ఉంది. ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఆ హక్కు 1944 ఏప్రిల్‌లో ఇచ్చారు, మొదటిసారి ఓటు వేసింది 1945లో.